ఇద్దరూ మింగాల్సిన మాత్ర

జెసింతాకు ఉన్న జబ్బుకు బంగారు గని కార్మికులుండే ఛాంపియన్ రీఫ్స్ లైన్ ఇళ్ళలో పేరు లేదు. షుగరొస్తే ఊరంతా దండోరా వేసుకుని తిరుగుతారు. గనిలో దుమ్ము పీల్చి దగ్గే ముసలాళ్ళు ఆ దగ్గును పతకంలా చూపించుకుంటారు. నడుము కింది జబ్బుకు మాత్రం ‘అదే’ అని పేరు. ‘అదేనా?’ అని ఒకామె అడుగుతుంది, ‘అదే’ అని ఇంకొకామె అంటుంది, ఆ తర్వాత ఇద్దరూ కొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో మాట్లాడుకుంటారు.

రెండేళ్ళుగా జెసింతాకు ‘అదే’. దురద, మంట, బట్టకు అంటుకునే పచ్చటి నీరు, తన వాసన తనకే పడని బాధ. తెల్లవారకముందే రైలెక్కి, ఆడవాళ్ళ పెట్టెలో ఊపిరాడని గుంపులో నిలబడి, కృష్ణరాజపురం దగ్గర గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయేది. పక్కనున్న మనిషి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే, అది రైలు కంపుకో తన కంపుకో తెలియక సిగ్గుతో చచ్చిపోయేది. ఫ్యాక్టరీలో రెండోసారి బాత్రూముకు లేస్తే సూపర్‌వైజరు గోడ గడియారం వైపు చూసేవాడు. గోక్కోలేని చోట దురద పెట్టుకుని సాయంత్రం దాకా చొక్కా కాలర్లు కుట్టడం ఎంత నరకమో వాడికేం తెలుసు.

ఆమె కోరిక చాలా చిన్నది. ఈ జబ్బు పోవాలి. ఒక్క నెల, ఒంట్లో ఏమీ లేనట్టు, మామూలు మనిషిలా రైల్లో నిలబడాలి.

రాబర్ట్‌సన్‌పేటలో ఒక లేడీ డాక్టరు విప్పి చెప్పింది. ఇది పురుగు వల్ల వచ్చే జబ్బు. ఆ పురుగు మొగుడూ పెళ్ళాల మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. మగవాడికి పైకి ఏమీ తెలియదు. కాబట్టి మాత్రలు ఇద్దరూ ఒకేసారి మింగాలి, ఆ రోజుల్లో మగవాడు బ్రాందీ ముట్టకూడదు, ముట్టాడంటే వాంతులు. జెసింతా రెండు అట్టలు తెచ్చి ఒకటి మొగుడి చేతిలో పెట్టింది.

మొగుడు ఫెలిక్స్ లారీ డ్రైవరు. సీజన్లో శ్రీనివాసపురం మండీ నుంచి మామిడి లోడు ఎక్కించుకుని పూణే, నాగపూర్ దాకా పోయేవాడు. సీజన్ అయిపోతే కోలార్ టమాటా. దారిలో ఎక్కడెక్కడ ఆగేవాడో లారీకి తెలుసు, జెసింతాకూ తెలియకపోలేదు. తెలిసినా నోరు మెదపకపోవడాన్ని ఆ లైన్లలో కాపురం చేయడం అంటారు.

“మాత్రలు వేసుకున్నావా?” అని అడిగితే, “వేసుకుంటినే” అనేవాడు. ఆ వారమంతా రోజూ సీసా దించేవాడు. ఒక్క వాంతీ కాలేదు. వాంతి కాలేదంటే మాత్ర మింగలేదనే కదా. అంత లెక్క జెసింతాకు వచ్చు.

అయినా జబ్బు తిరగబెట్టి మళ్ళీ ఆసుపత్రికి పోయినప్పుడు, “మీ ఆయన సరిగ్గా వేసుకున్నాడా?” అని డాక్టరు అడిగితే, “వేసుకున్నాడు మేడం” అంది. లేదని చెప్తే ఎందుకు వేసుకోలేదని అడుగుతారు. దానికి జవాబు మళ్ళీ తనే వెతకాలి, మొగుడి చేత మాత్ర మింగించలేని ఆడదానిలా తలవంచుకోవాల్సింది మళ్ళీ తనే. అంతకంటే అబద్ధమే సులువనిపించింది. తర్వాత అడిగినప్పుడల్లా అదే మాట చెప్పింది.

ఆ అబద్ధం ఊరికే పోలేదు. ఇద్దరూ మందు తిన్నా పోవడం లేదంటే ఇది మామూలు మందుకు లొంగని రకమని తేల్చి, డాక్టరు ఆమెను కోలార్‌లో ఒక పెద్దాసుపత్రికి పంపింది. ఫెలిక్స్ మింగని మాత్రలకు పాపం ఆ పురుగు మొండిదనే పేరు తెచ్చుకుంది.

కోలార్‌లో డాక్టర్ నయన అని చిన్నపిల్ల. చదువు అయిన వేడి ఇంకా ఆరలేదు. లొంగని పురుగుల మీద పరిశోధన చేస్తోంది. జెసింతాను పరీక్ష చేసి, పక్కగదిలోకి పిలిచి, మైక్రోస్కోపులో చూడమంది. గాజు ముక్క మీద ఏవో సన్నని తోకలు ఆడించుకుంటూ గిరగిరా తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ ఇవా తనను తింటున్నది అనుకుంది జెసింతా. భయంతో పాటు, చెప్పుకోలేని తృప్తి కూడా కలిగింది. తన ఒళ్ళు అబద్ధం చెప్పడం లేదు, అక్కడ నిజంగానే ఏదో ఉంది.

“చూడండమ్మా, ఇది చాలా పాత మందు” అని నయన ఒక సీసా చూపించింది. లోపల పసుపచ్చ మాత్రలు. “మలేరియాది. పెద్ద యుద్ధం టైములో సోల్జర్లకు ఇస్తా ఉండ్రి. మంచి మందులు వచ్చినాక దీన్ని మూలన పడేసిరి. ఈ పురుగు మీద ఇది పనిచేస్తుందేమో అని మేము ఇప్పుడు చూస్తా ఉండాము. కొంచెం దినాలకు మీ చర్మం పచ్చగా అవుతుంది. భయపడవద్దు, అది కామెర్లు కాదు, మందు రంగు అంతే. మాత్రలు ముగిసినాక మెల్లగా పోతుంది. మీ ఆయన కూడా తినాలి. ముగిసేదాకా ఇద్దరూ దూరంగా ఉండాలి. ఆయ్తా?”

“అయితాది మేడం.”

“ముందు మందులు ఆయన సరిగ్గా వేసుకున్నాడు కదా?”

“వేసుకున్నాడు మేడం.”

నయన తల ఊపి రెండు సీసాలు ఇచ్చింది.

ఫెలిక్స్ తన సీసాను చేతిలో తిప్పి తిప్పి చూశాడు. “మలేరియా మాత్రలా? నాకు యాడ వచ్చింది మలేరియా?” అన్నాడు. పచ్చగా అవుతారని విని ఒంటికాలి మీద లేచాడు. “పచ్చగా అయిన మొగం పెట్టుకుని మండీకి పోతే ఓనరు బండి ఇస్తాడా? నీకు వచ్చిన రోగానికి నేను యాల మందు తినాల? నాకేమన్నా దురదా, మంటా? రాయి మాదిరి ఉండా.”

దూరంగా ఉండాలని చెప్తే నవ్వాడు. ఆ రాత్రి దూరంగా ఉండలేదు. జెసింతా గోడ వైపు తిరిగి ఏడ్చింది, పొద్దున లేచి తన మాత్ర తను మింగింది, ఫెలిక్స్ సీసాను బట్టల పెట్టెలో అడుగున పెట్టింది.

పచ్చదనం నయన చెప్పినట్టే వచ్చింది. ముందు అరచేతులు, తర్వాత మెడ, తర్వాత ముఖం. రైల్లో రోజూ కలిసి పోయే ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. “ఏం జెసీ, కామాలె వచ్చిందేమో, సెలవు పెట్టు” అని ఒకామె జరిగి కూర్చుంది. ఇంట్లో మొదట చూసింది అత్త ఆరోగ్యమ్మ. రొట్టె కాలుస్తున్న కోడలి చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయి వెలుగులో చూసి, గుండెలు బాదుకుంది.

“అయ్యో నా తల్లీ! కామెర్లు! మీ మామను తీసుకుపోయింది ఇదే గదమ్మా!”

ఆరోగ్యమ్మ మొగుడు గనిలో పనిచేసినవాడు. షాఫ్ట్ మూతపడినాక పని లేక, పొద్దున్నుంచీ సారాయి కొట్టుకే అంకితమై, కామెర్లతో పోయాడు. సారాయి వల్ల పోయాడని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఆరోగ్యమ్మ నమ్మలేదు. నాటువైద్యుడు బచ్చప్ప ఇచ్చిన ఆకుమందు తింటూ, పథ్యం తప్పి, మధ్యలో పందిమాంసం తిన్నందుకే పోయాడని ఆమె లెక్క. ఆ లెక్క మార్చడం వేళాంగణ్ణి మాతకు కూడా చేతకాదు.

జెసింతా నోరు తెరిచింది. ఇది కామెర్లు కాదత్తా, మందు రంగు, అనాలి. ఏం మందు అంటుంది అత్త. మలేరియా మందు. మలేరియా వచ్చిందా? లేదు. మరి దేనికి? ఆ మెట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి విడిపించుకుని, మాడుతున్న రొట్టె తిప్పడానికి లోపలికి పోయింది.

ఆదివారం చర్చిలో పూజకు కూడా పోకుండా, ఆరోగ్యమ్మ ఆమెను బస్సెక్కించి శ్రీనివాసపురం అవతలి పల్లెకు తీసుకుపోయింది. కామెర్లకు ఆకుమందు ఇచ్చే బచ్చప్ప ఇల్లు అక్కడే. పశువుల కొట్టం ముందు వరసగా పచ్చటి మనుషులు కూర్చుని ఉన్నారు. బచ్చప్ప ఎవరి ముఖమూ తేరిపార చూడడు. నేలఉసిరి ఆకు నూరిన ముద్ద మేకపాలలో కలిపి గ్లాసు చేతికిస్తాడు, వంచిన తల ఎత్తకుండా పథ్యం చెప్తాడు.

“ఉప్పు లేదు. నూనె లేదు. కారం లేదు. నీచు వాసన కూడా చూడకూడదు. చప్పిడి తినాల. ఇంగ, మొగుడి చాప వేరే, నీ చాప వేరే. పచ్చ పోయేదాకా. మొగోడు ముట్టినాడంటే వానికి ఎక్కుతాది, వాని కాలేయం నీళ్ళయిపోతాది. పచ్చ పోయినాక తలకు పోసుకో, ఆ తర్వాతే అన్నీ.”

జెసింతా గ్లాసు ఎత్తి గడగడా తాగేసింది. చేదు నషాళానికి ఎక్కింది. అయినా, నయన చెప్పిన దూరమే బచ్చప్ప నోట కూడా వచ్చిందని ఆమెకు నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అత్త వాంతి అనుకుని వీపు నిమిరింది.

అది మొదలు ఆ ఇంట్లో బచ్చప్ప మాట శాసనం. లైన్ ఇల్లంటే ఎంత, ముందు ఒక గది, వెనక వంట చేసుకునే సందు. ఆరోగ్యమ్మ కోడలిని వంటసందులో పడుకోబెట్టి, తన చాప ఆ సందు గడపకు అడ్డంగా వేసుకుంది. కొడుకు లోడు దించి వచ్చిన రోజు గడప దగ్గరే నిలబెట్టి చెప్పేసింది. “మీ నాయన మాదిరి నువ్వూ పోతావా? దాన్ని ముట్టినావంటే నేను ఈడనే తల పగలగొట్టుకుంటా.”

ఫెలిక్స్ ముఖం తెల్లబోయింది. “నాకు తెలుసులేమ్మా” అన్నాడు. తండ్రి చివరి రోజులు వాడు కళ్ళారా చూశాడు. అప్పట్నుంచి పెళ్ళాం ఇచ్చిన టీ గ్లాసు కూడా కడిగించి తాగాడు. మైక్రోస్కోపులో చూసిన డాక్టరు దూరంగా ఉండమంటే నవ్విన మనిషి, ముఖమైనా చూడని బచ్చప్ప మాటకు కుక్కపిల్లలా వాకిట్లో పడుకున్నాడు. జెసింతాకు ఒళ్ళు మండింది. తన ప్రాణానికి లేని విలువ వాడి కాలేయానికి ఉంది.

అయితే ఆ మంటలోనే ఆమెకు సుఖం కూడా దొరికింది. ఉప్పులేని రాగిముద్ద మజ్జిగలో ముంచి మింగేది, పసుపచ్చ మాత్ర అత్త చూడకుండా వేసుకునేది, కాళ్ళు చాపుకుని ఒంటరిగా పడుకునేది. చప్పిడి తిండికి ఒళ్ళు చిక్కింది, మిషన్ మీద కూర్చుంటే కళ్ళు తిరిగేవి. కానీ దురద తగ్గింది. ఆ తర్వాత మంట తగ్గింది. ఒక పొద్దున రైల్లో నిలబడి, ఊరు దాటి చాలాసేపయినా తనకు ‘అదే’ గుర్తుకు రాలేదని గమనించింది. కిటికీలో, బంగారం తీసేయగా మిగిలిన సయనైడ్ మట్టిదిబ్బలు ఎప్పుడో వెనకబడిపోయాయి. ఆమెకు పాట పాడాలనిపించింది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె పచ్చటి ముఖంలో నవ్వు చూసి జబ్బు తలకెక్కిందేమో అనుకున్నారు.

కోలార్‌లో నయన గాజుముక్కను అటూ ఇటూ జరిపి వెతికి వెతికి, గట్టిగా నవ్వింది. “ఏమీ లేదమ్మా! ఒక్కటి కూడా లేదు! మీ లాంటి మొండి కేసులోనే పనిచేసిందంటే...” ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జెసింతా ఆమెను కావలించుకుంది. మేడం అనే మాట కూడా మర్చిపోయి “బంగారుతల్లీ” అంది.

“ఇంకో నెల తర్వాత రండి. అప్పుడు కూడా ఇట్లే ఉంటే మందు గెలిచినట్టే. మీ ఆయన సీసా ముగిసిందా?”

ఇంత సంతోషంలో ఎట్లా చెప్పడం. “ముగిసింది మేడం.”

మాత్రలు అయిపోయాయి. పచ్చదనం వెలవడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున ఆరోగ్యమ్మ కోడలి చెయ్యి వెలుగులో చూసి, “తగ్గతా ఉండాది, మాతా, తగ్గతా ఉండాది” అని సిలువ గుర్తు వేసుకునేది. జెసింతా కూడా చూసుకునేది. లోకంలో ఎవరికైనా జబ్బు రంగు పోతుంటే ప్రాణం లేచి వస్తుంది, ఆమెకు మాత్రం గుండె జారిపోయేది. అరచెయ్యి తెల్లబడిన కొద్దీ వాకిట్లో ఫెలిక్స్ చాప ఒక్కో జానెడు లోపలికి జరుగుతున్నట్టే ఉండేది.

ఫెలిక్స్ నాగపూర్ నుంచి వచ్చిన రోజు ధైర్యం చేసి, పెట్టె అడుగునుంచి సీసా తీసి వాడి ముందు పెట్టింది. “నేను తిన్నా గదా. చచ్చిపోలేదు గదా. నాకు నయమయింది. ఇప్పుడు నువ్వు తినేస్తే ఇంగ ఎప్పటికీ రాదు. నీ కాళ్ళు పట్టుకుంటా.”

ఫెలిక్స్ సీసా వంక చూసి, నిజంగానే అర్థం కానట్టు అడిగాడు. “నీకు నయమయిపోయింది గదా. ఇంగ నాకెందుకు?”

మిగిలింది అత్త. జెసింతా రెండు రోజులు లోపల్లోపల కొట్టుకుని, ఫెలిక్స్ బండి మీద ఉన్నప్పుడు చెప్పేసింది. చేపలు కడుగుతున్న ఆరోగ్యమ్మ పక్కన గొంతుక్కూర్చుని, మొదటి నుంచీ మొత్తం. కామెర్లు కాదు, పురుగు. మాత్రల రంగు. వాడు మింగని అట్టలు, వాడు మింగని సీసా. “నువ్వు చెప్తే వింటాడత్తా. కామెర్లకు ఎట్లా భయపెట్టినావో అట్లా చెప్పు. మాత్రలు తినేదాకా ఆ చాప తీయవద్దు.”

ఆరోగ్యమ్మ చేతులు ఆగిపోయాయి.

“నాకూ ఉండింది” అంది. “మీ మామ తెచ్చినాడు. ఈ లైన్లో అందరికీ ఉండింది. పటికనీళ్ళతో కడుక్కుంటిమి, పనులు చేసుకుంటిమి. దానికి ఎవురు చచ్చినారమ్మా?” కోడలి గడ్డం కింద చెయ్యి పెట్టి, ముఖాన్ని వెలుగుకు తిప్పి చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. గండం గడిచిన మనిషి నిట్టూర్పు ఉంది. “అంటే కామెర్లు కాదా? నిజమా? నన్ను చంపేస్తివి గదే! ఇన్ని దినాలు ప్రాణాలు అరచేత పెట్టుకుని... కామెర్లు కాదంటే ఇంగ పథ్యం యాల?”

ఆరోగ్యమ్మ చెడ్డది కాదు. చెడ్డదైతే ఎంత బాగుండేది, తిట్టుకోవడానికైనా పనికొచ్చేది. ఆమె లేచి చేతులు కడుక్కుని, గడప దగ్గర చుట్టి పెట్టిన తన చాప తీసుకుపోయి ముందుగదిలో పాత చోట పెట్టింది. చేపల పులుసులో ఉప్పు వేసింది, కారం వేసింది, రుచి చూసి ఇంకాస్త వేసింది. “చిక్కిపోయినావు, తిను” అని వేడివేడి ముద్ద, నిండా పులుసు కోడలి పళ్ళెంలో పెట్టింది.

జెసింతా తినకూడదనుకుంది. పళ్ళెం ముందు కాసేపు బిగదీసుకుని కూర్చుంది. ఆకలికి తట్టుకోలేక ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ఉప్పు నాలుకకు తగలగానే ఒళ్ళంతా లేచి వచ్చింది, ఇంకో ముద్ద, ఇంకో ముద్ద, పళ్ళెం ఖాళీ అయింది. తిన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మర్నాడు సాయంత్రానికి ఫెలిక్స్ వచ్చాడు. తల్లి చెప్పిన కబురు విని, “నేను అప్పుడే చెప్పలేదా, ఏమీ లేదని” అన్నాడు, చాప లోపల పరుచుకున్నాడు.

నెల తర్వాత కోలార్‌లో నయన గాజుముక్క పెట్టి చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. జెసింతాకు చూడాల్సిన పని లేదు. వారం ముందే రైల్లో పక్కనున్నామె కొంగు ముక్కుకు పెట్టుకుంది.

“ఈ మందుకు కూడా లొంగలేదు” అంది నయన. “అంత బాగా పోయింది కదా... పురుగు మళ్ళీ తట్టుకుని లేచింది. ఇదీ పనిచేయదని రాసుకోవాలి ఇంక.”

జెసింతా ఆ ముఖం చూసింది. ఏ పాపమూ తెలియని మందు, ఏ పాపమూ తెలియని పిల్ల.

“మందు బాగానే ఉండాది మేడం. రాయవద్దండి. ఆయన ఒక్క మాత్ర కూడా మింగలేదు. ఇదీ మింగలేదు, దానికి ముందువీ మింగలేదు. రెండేండ్లుగా ఏదీ మింగలేదు.”

నయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. “ఎన్నిసార్లు అడిగినాను? ప్రతిసారీ వేసుకున్నాడనే చెప్పినారు కదా! ఎంత పని పాడయిందో తెలుసా మీకు? అబద్ధం యాల చెప్పినారు?”

“తప్పే మేడం” అంది జెసింతా. “మీరు అడిగినారు. రాబర్ట్‌సన్‌పేట డాక్టరమ్మ కూడా అడిగింది. అందరూ నన్నే అడిగినారు. ఆయన మాత్ర మింగినాడా అని నన్ను అడిగినారు, ఆయన్ని దూరంగా ఉండమని నాకు చెప్పినారు. ఇన్ని దినాల్లో ఒక్కరన్నా ఆయన్ని పిలిచి అడిగినారా?”

నయన టేబుల్ మీది ఫోన్ తీసింది. “నంబరు చెప్పండి. నేనే మాట్లాడుతా” అంది. జెసింతా చెప్పింది. రింగు పోయింది. అవతల మండీ గోల, వేలం కేకలు, వాటి మధ్య ఫెలిక్స్ గొంతు.

“హలో, ఎవురు?”

“నేను కోలార్ నుంచి డాక్టర్ నయన మాట్లాడతా ఉండాను. మీ మిసెస్ ట్రీట్‌మెంట్ విషయం... అంటే మీకు కూడా...” నయన ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. మైక్రోస్కోపు ముందు అంత ధారాళంగా మాట్లాడిన పిల్ల, ఎవరో మగవాడికి ఆ మాట ఎట్లా చెప్పాలో తెలియక గోడ వైపు తిరిగింది. “అదీ... కొంచెం పర్సనల్ విషయం సార్...”

“ఏం విషయం మేడం? గట్టిగా చెప్పండి, ఈడ లోడింగ్ అవుతా ఉండాది.”

నయన ఫోన్‌ను చేత్తో మూసి, జెసింతా వైపు చాపింది. “మీరే చెప్పండమ్మా” అంది మెల్లగా. “మీరు చెప్తేనే బాగుంటుంది.”

అటునుంచి ఫెలిక్స్ హలో, హలో అని అరుస్తూనే ఉన్నాడు.